మాట్లాడని పిల్ల ఏ తరగతిలోకి

బళ్ళో పనిచేసినన్నాళ్ళూ నాకు పరీక్షలంటే భయం లేదు, తనిఖీలంటే భయం లేదు, పిల్లల తల్లులంటే కొంచెం ఉండేది. అన్నిటికన్నా భయం వేసేది మాత్రం మే నెలాఖరులో ఒక మధ్యాహ్నం. ఆ రోజు లైబ్రరీ తలుపు లోపలినుంచి గడియ పెట్టి, అద్దానికి కాగితం అంటించి, టీచర్లందరం ఒక పొడుగాటి బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళం. వచ్చే ఏడాది ఏ పిల్ల ఏ టీచరు దగ్గరికి వెళ్ళాలో అక్కడ తేలేది. మీలో ఎవరైనా ఈ దేశంలో టీచరుద్యోగంలో చేరబోతుంటే ఆ బల్ల మీకూ తగులుతుంది. పాఠం ఎలా చెప్పాలో నేర్పడానికి బోలెడుమంది ఉన్నారు. ఆ బల్ల దగ్గర ఎలా కూర్చోవాలో నాకెవరూ చెప్పలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మాది టెక్సస్‌లో, ఇర్వింగ్ అనే ఊళ్ళో ఒక చిన్న కథోలిక ప్రాథమిక పాఠశాల. తరగతికి రెండు సెక్షన్లు. నేను గుంటూరులో కాన్వెంటులో చదివి, అక్కడే కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, మా ఆయన ఉద్యోగంతో పాటు ఇక్కడికి వచ్చినదాన్ని. ఒకటో తరగతి చెప్పేదాన్ని. పిల్లల్లో మెక్సికన్ కుటుంబాలవాళ్ళు ఎక్కువ, తర్వాత వియత్నాం వాళ్ళు, మలయాళీలు. పక్క ఊరు కాపెల్ నుంచి, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల నుంచి కొంతమంది తెలుగు పిల్లలు కూడా వచ్చేవాళ్ళు, చాలావరకు హిందువులు. క్రమశిక్షణ బాగుంటుందని తల్లిదండ్రులకు గురి. తెలుగు టీచరుందని తెలియగానే వాళ్ళ ముఖాలు విప్పారేవి. నేను క్రైస్తవురాలినని తెలిశాక ఒక్క క్షణం ఆగి, మళ్ళీ 'ఆంటీ' అనేవాళ్ళు. ఆ ఒక్క క్షణం నాకు అలవాటైపోయింది.

మా ప్రిన్సిపాల్ వియత్నాం నుంచి వచ్చిన సిస్టర్. ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. అయినా ఆవిడ కారిడార్లో ఎదురుపడితే నా చీర కుచ్చిళ్ళు సరిగా ఉన్నాయో లేదో చూసుకునేదాన్ని, ఆ రోజు ప్యాంటు వేసుకున్నా సరే. బల్ల దగ్గర ఆవిడ పద్ధతి ఒకటుండేది. ప్రతి పిల్లకూ ఒక అట్టముక్క. ముందువైపు పేరు. వెనకవైపు ఆ ఏడాది చదువు చెప్పిన టీచరు రెండు ముక్కలు రాయాలి: చదువు ఎలా ఉంది, ఎవరితో స్నేహం, ఎవరి పక్కన కూర్చోబెడితే గొడవ. ఆ అట్టల్ని రెండు కుప్పలుగా పేర్చాలి. కవలలైతే విడదీయాలి. ఏడుపుగొట్టు పిల్లలందరూ ఒకే కుప్పలో పడకూడదు. రెండు కుప్పలూ సమానంగా తూగాకనే ఏది ఎవరికో సిస్టర్ చెప్పేది. కాబట్టి ఎవరూ తమకోసం బుద్ధిమంతుల్ని ఏరుకోలేరు. ఇక తల్లిదండ్రులు ఫలానా టీచరు కావాలని, ఫలానా సెక్షన్ కావాలని అడగకూడదు. మా తెలుగువాళ్ళకు ఈ చివరి నియమం ఎన్నేళ్ళకీ తలకెక్కలేదు. సిఫార్సు లేకుండా లోకంలో ఏదైనా జరుగుతుందంటే మనవాళ్ళు నమ్మరు.

ఆ ఏడాది నా తరగతిలో ఒక తెలుగు పిల్ల ఉండేది. బళ్ళో ఒక్క మాట మాట్లాడేది కాదు. చదవడం, రాయడం, లెక్కలు అన్నీ వచ్చు. పేరు పిలిస్తే పెద్ద కళ్ళతో చూసేది, అంతే. డాక్టరు దానికో పేరు చెప్పాడు, కౌన్సిలర్ వారానికోసారి వచ్చి బొమ్మలతో ఆడించి వెళ్ళేది. ఆ పిల్ల తరఫున మాట్లాడేది పక్కన కూర్చునే మెక్సికన్ పిల్ల. ఈమె ముఖం చూసి ఆమె చెప్పేసేది: 'మిస్, తనకు పెన్సిల్ విరిగింది', 'మిస్, తనకు కడుపులో నొప్పి'. నూటికి తొంభైసార్లు నిజమే అయ్యేది. ఒకసారి ఆ మెక్సికన్ పిల్ల ఒళ్ళు కాలిపోతూ బడికి వచ్చింది. ఇంట్లో ఎందుకుండలేదే అని అడిగితే, 'మరి తన సంగతి ఎవరు చెప్తారు?' అంది. అప్పుడు ముద్దొచ్చింది నాకు. తర్వాత దిగులేసింది.

మే నెల వచ్చింది. ఒక సాయంత్రం పార్కింగ్‌లో ఆ తెలుగు పిల్ల తల్లి నా కారు దగ్గర నిలబడి ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మెడలో ఆఫీసు బ్యాడ్జి ఇంకా వేలాడుతోంది.

"ఆంటీ, ప్లీజ్ ఆంటీ. నెక్స్ట్ ఇయర్ కూడా వాళ్ళిద్దర్నీ ఒకే సెక్షన్‌లో వేసేట్టు చూడండి. ఆ పాప లేకపోతే మా దానికి మంచినీళ్ళు కావాలన్నా ఎవరడుగుతారు చెప్పండి?"

"నా ఒక్కదాని చేతిలో ఏముందమ్మా. నాకంత పలుకుబడే ఉంటే ముందు నా గదిలో ఏసీ బాగు చేయించుకునేదాన్ని."

ఆమె నవ్వలేదు. "మీరున్నారనే ఈ స్కూల్‌లో జాయిన్ చేశాం ఆంటీ. మార్నింగ్ డ్రాప్ చేశాక ఆఫీస్‌లో ఫోన్ పక్కన పెట్టలేను. ఏమన్నా అయినా చెప్పలేదు కదా అది."

ఆ మాట నాతోపాటు ఇంటికొచ్చింది. ఏమన్నా అయినా చెప్పలేదు.

బల్ల దగ్గర ఆ పిల్ల అట్ట వచ్చింది. వెనకవైపు నేనే రాశాను, 'మాట్లాడదు' అని. పక్క సెక్షన్ టీచరు నాకన్నా పెద్దావిడ, టెక్సస్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడుతుంది. "ఇద్దర్నీ విడదీయాలి. ఆ రెండో పిల్లకు ఏడేళ్ళు. ఇంకొకరికి నోరుగా ఉండడమా దాని పని? ఆ పిల్ల ఆటస్థలంలో పరుగెత్తగా ఈ ఏడాది ఎవరైనా చూశారా?" అంది. ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. ఇద్దరూ గోడవారగా కూర్చునేవాళ్ళు.

"మరి ఈ పిల్ల?" అని ఎవరో అడిగారు.

"నోరు అరువిచ్చేవాళ్ళున్నంతకాలం తనది తెరవదు," అంది ఆవిడ.

సిస్టర్ అందరి తర్వాత నావైపు తిరిగింది. "మీ పిల్ల. మీరు చెప్పండి."

జ్వరంతో వచ్చిన ఆ రెండో పిల్ల ముఖం గుర్తొచ్చింది. పార్కింగ్‌లో తల్లి ముఖమూ గుర్తొచ్చింది. విడదీద్దాం అన్నాను. సిస్టర్ ఆ అట్టను రెండో కుప్పలోకి జరిపింది. వేసవి అంతా నేను ఆ అట్ట గురించే భయపడుతూ గడిపాను.

ఆగస్టులో బడి ముందు తలుపు అద్దానికి తరగతుల జాబితాలు అంటిస్తారు. పిల్లలు వేళ్ళతో పేర్లు వెతుక్కుని గెంతుతుంటారు. ఆ పిల్ల తన పేరు చూసుకుంది. తర్వాత ఆ జాబితాలో స్నేహితురాలి పేరు వెతికింది. పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి కిందికి. ఏడవలేదు. తల్లి తలెత్తి, గుంపులోంచి నన్ను చూసి, పలకరించకుండా పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

రెండో తరగతిలో ఆ పిల్లకు దొరికిన టీచరు లూజియానా నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి, అదే మొదటి ఉద్యోగం. మనసున్న మనిషి. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే పిల్లలు చెయ్యెత్తి, నోటితో అడిగి, తలుపు దగ్గర కొక్కేనికి ఉన్న చెక్కబిళ్ళ మెడలో వేసుకుని వెళ్ళాలి. ఈ పిల్ల అడగలేదు కదా, అందుకని ఆమెకు మాత్రం అడగకుండా బిళ్ళ తీసుకునే వీలు ఇచ్చింది. ఎంత మంచి ఆలోచన అని స్టాఫ్ రూములో అందరం మెచ్చుకున్నాం. అడగకుండా వెళ్తే, వెళ్ళినట్టు టీచరుకు తెలియదని మాలో ఒక్కరికీ తట్టలేదు.

అక్టోబర్‌లో ఒకరోజు భోజనాలయ్యాక ఆకాశం పాచి రంగుకు తిరిగింది. ఉన్నట్టుండి బళ్ళో ఫోన్లన్నీ ఒకేసారి కీచుమన్నాయి. ఆ వెంటనే ఊరి సైరన్. టోర్నడో. మాకు అలవాటైన కసరత్తే. ప్రతి తరగతికీ కిటికీలు లేని చోటు ఒకటి కేటాయించి ఉంటుంది, అక్కడ పిల్లలు గోడవైపు తిరిగి మోకాళ్ళ మీద వంగి, చేతులతో మెడ కప్పుకోవాలి. నా ఒకటో తరగతి పిల్లలది లైబ్రరీ పక్క కారిడార్. వాళ్ళను వంచి, లెక్కపెట్టి, ఊపిరి పీల్చుకునేలోపు కరెంటు పోయింది. బ్యాటరీ దీపాలు పచ్చగా వెలిగాయి.

ఆ వెలుతురులో రెండో తరగతి కొత్త టీచరు పరుగెత్తుకొచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ పిల్ల నా దగ్గర లేదు. ఇక్కడికి వచ్చిందా?"

లేదు. "స్నేహితురాలి దగ్గరికి వెళ్ళుంటుంది. నేను చూస్తాను. నువ్వు మిగతా పిల్లల దగ్గరికి పో," అన్నాను. నా తరగతిని సహాయకురాలికి అప్పజెప్పి, చేతిలో వాకీటాకీతో పరుగెత్తాను. తప్పిపోయిన పిల్లను వెతకడం ఎలాగో ఎవరికైనా తెలుసు: పేరు పెట్టి పిలవాలి. ఈ పిల్లను పిలిస్తే పలకదు. ఆ చీకటి కారిడార్లో పేరు పెట్టి అరుస్తూ పోతుంటే, నా గొంతు నాకే వెర్రిగా వినిపించింది. ఏ తలుపు వెనక ఉందో, ఏ బల్ల కింద ఉందో, ఉన్నా 'ఇక్కడున్నాను' అనదు. ఇలాంటి భయం నేను ఎరగను. కాన్పులప్పుడు కూడా ఇంత భయపడలేదు.

స్నేహితురాలి తరగతి హాలు స్టేజి వెనక గదిలో ఉంది. అక్కడా లేదు. వంగి కూర్చున్న పిల్లల్లోంచి ఆ మెక్సికన్ పిల్ల తలెత్తింది.

"మిస్, మీరు అలా అరవకండి. అరిస్తే తను దాక్కుంటుంది. ఒక్కసారి పిలిచి, చప్పుడు చెయ్యకుండా ఆగండి. తను గోడ మీద కొడుతుంది. ఎక్కడుందో నాకు అలాగే చెప్పేది."

ఒక ఏడాదంతా నా కళ్ళముందు కూర్చున్న పిల్లలు. ఈ సంగతి నాకు తెలియదు.

అంతలో వాకీటాకీలో కిండర్‌గార్టెన్ టీచరు గొంతు, తనకూ ఒక పాప తక్కువని. కిండర్‌గార్టెన్ గదులు బడికి ఆ చివర, బయటి గోడవైపు. ఇద్దరూ ఒకేచోట ఉండొచ్చనిపించి నేను అటు పరుగెత్తాను. కరెంటు పోతే కారిడార్ మధ్యలోని బరువు తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. వాటిని భుజంతో నెట్టుకుని అవతలికి వెళ్ళాను. అక్కడ బారుగా కిటికీలు. వడగళ్ళు అద్దాలను కొడుతున్నాయి. ఒక్కసారి పేరు పిలిచాను. మామూలు గొంతుతో. ఆగాను.

గోడ మీద చప్పుడు కోసం చెవులు రిక్కించాను. చప్పుడు రాలేదు. మాటలు వినిపించాయి.

తెలుగు. కిండర్‌గార్టెన్ బాత్రూమ్ లోపల ఎవరో తెలుగులో మాట్లాడుతున్నారు. ఎవరో తల్లి గాలివానకు భయపడి బళ్ళోకి వచ్చేసిందనుకున్నాను నిజంగా. తలుపు దగ్గరికి వెళ్ళాక గాని అది చిన్నపిల్ల గొంతని తెలియలేదు.

"ఏం కాదు నాన్నా, ఏం కాదు. జస్ట్ రెయిన్ ఉంది. చేతులు ఇలా పెట్టుకో, నెక్ మీద. గుడ్ గర్ల్. అయిపోతది ఇప్పుడే. నేను ఉన్నా కదా."

ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. అందుకే పోల్చుకోవడానికి అంతసేపు పట్టింది. అచ్చు తల్లి మాటే, అమెరికా యాసలో. తలుపు తీస్తే ఈ గొంతు ఆగిపోతుందని ఎందుకో నాకు తెలిసిపోయింది. వెనక వడగళ్ళు, పైన సైరన్, నేను తలుపు పిడి పట్టుకుని వింటూ నిలబడ్డాను. కారిడార్ చివర ఒక కిటికీ అద్దం భళ్ళున పగిలింది. తలుపు తీశాను.

గొంతు తెగిపోయినట్టు ఆగింది. ఆ పిల్ల మూల గోడకు ఆనుకుని ఉంది, మెడలో చెక్కబిళ్ళ. ఒక వియత్నాం పాపను ఒళ్ళోకి లాక్కుని, తన చేతులు ఆ పాప మెడ మీద పెట్టింది. నన్ను చూడగానే రోజూ బళ్ళో కనిపించే ముఖం ఆ ముఖం మీదికి వచ్చేసింది. ఆ చిన్నపాపకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా తలెత్తి, "ఎందుకు ఆపేశావు?" అని ఇంగ్లీషులో అడిగింది. జవాబు రాలేదు. అప్పుడా పాప నావైపు కోపంగా చూసింది.

ఇద్దర్నీ చెరో చేత్తో పొదువుకుని బరువు తలుపుల ఇవతలికి లాక్కొచ్చి, గోడవారగా వంచి, వాళ్ళ మీద నేను వంగాను. ప్రార్థన చేద్దామనుకుంటే ఒక్క మాటా గుర్తు రాలేదు. "ఏం కాదు, ఏం కాదు" అని ఆ పిల్ల అన్న మాటలే నేనూ అంటూ ఉండిపోయాను. గాలివాన మా బడి పైకప్పు పెంకులు కొన్ని ఎత్తుకుపోయి, ఉత్తరానికి దాటిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. లూజియానా అమ్మాయి ఆ పిల్లను చూసి నేలమీద కూలబడి ఏడ్చింది.

సాయంత్రం తల్లి వచ్చాక, విన్నదంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"ఇంట్లో నోరు మూయదు ఆంటీ. పార్కులో కొత్తవాళ్ళు ఎవరు కనిపించినా హాయ్ చెప్తుంది. స్కూల్ వాళ్ళు కనిపిస్తే స్టాప్. ఒకసారి ఇండియన్ స్టోర్‌లో మీరు కనిపించినప్పుడు, అది పాట పాడుతోంది తెలుసా? మిమ్మల్ని చూసి మధ్యలో ఆపేసింది."

"మరి నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు బాధపడతారని."

బాధ కాదు నాకు కలిగింది. భయం. మేం ఏడాదికి పైగా ఆ పిల్లను నోరు లేనిదానిగా చూస్తున్నాం. నేను ఆ ముక్క రాసి పంపించాను, తర్వాతి టీచరు దాన్ని చదువుకుని, దానికి తగ్గట్టు చెక్కబిళ్ళ ఏర్పాటు చేసింది. పిల్లలందరూ మమ్మల్ని చూసి అలాగే చూస్తున్నారు. మాట్లాడితే బడి బడంతా తిరిగి చూస్తుంది. అంతమంది తిరిగి చూస్తారంటే నేనైనా నోరు తెరవను.

మళ్ళీ మే నెల, మళ్ళీ బల్ల. ఈసారి మూడో తరగతికి శాన్ ఆంటోనియో నుంచి కొత్త టీచరు రాబోతోంది. ఈ ఒక్కసారికి పద్ధతి పక్కనపెట్టి ఆ పిల్లను ఆవిడకే ఇద్దామని, అట్ట వెనక ఏమీ రాయవద్దని, ఎవరూ ఆవిడ చెవిన వేయవద్దని నేనడిగాను. పక్క సెక్షన్ టీచరు ఒంటికాలి మీద లేచింది.

"అక్టోబర్ మర్చిపోయావా? ఆ కొత్తావిడ ఏమీ తెలియకుండా ఇంకో సైరన్ మోగితే?"

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. తల్లిని ముందే అడిగి ఉన్నాను, ఆమె "మళ్ళీ ఏమన్నా అయితే నేను తట్టుకోలేను ఆంటీ... కానీ చేయండి" అంది. ఆ 'చేయండి' నా నెత్తిన పెద్ద బండలా కూర్చుని ఉంది.

సిస్టర్ ఆ అట్టను వేళ్ళ మధ్య తిప్పింది. "మొదటి వారం ఏమీ చెప్పను. ఆ వారం బాత్రూమ్‌కి ఏ పిల్ల వెళ్ళినా కారిడార్లో నేనే ఉంటాను. వారం తర్వాత ఆవిడకు అంతా చెప్తాను. ఒక్క వారం," అంది. ఆ పిల్ల తరగతిలోవాళ్ళను వీలైనంతమందిని రెండో కుప్పలోకి మార్చాం. మెక్సికన్ పిల్ల కూడా అటే. ఆ స్నేహితురాలు ఈపాటికి ఆటస్థలంలో మగపిల్లల్ని తోసుకుని బంతి తన్నడం మొదలుపెట్టింది, మోకాళ్ళ నిండా దెబ్బలు.

బడి తెరిచిన మొదటి ఉదయం నా పిల్లల్ని సహాయకురాలికి వదిలి, మూడో తరగతి గది బయట బులెటిన్ బోర్డు సర్దుతున్నట్టు నిలబడ్డాను. బోర్డు అప్పటికే సర్ది ఉంది. కారిడార్ చివర సిస్టర్ జపమాల పట్టుకుని నిలబడింది. తెరిచిన తలుపులోంచి ఆ పిల్ల కనిపిస్తోంది, మూడో వరసలో, చేతులు బల్ల కింద పెట్టుకుని. ఎంత వద్దనుకున్నా పాత తరగతిలోంచి కొందరు ఈ సెక్షన్‌కే వచ్చారు. ముందు వరసలో ఒక పిల్ల ఉంది, బళ్ళో ఏం జరిగినా టీచరుకు చేరవేసే రకం. ఈ చేరవేసే పిల్లను అటు వేయడం ఎలా మర్చిపోయామా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

కొత్త టీచరు హాజరు పిలుస్తోంది. ఒక్కో పేరూ దగ్గరికి వస్తోంది. ఆ పిల్ల పేరు వచ్చింది. టీచరు కొంచెం తడబడి, ఫరవాలేదనిపించేలా పలికింది.

జవాబు లేదు.

ముందు వరసలో పిల్ల వెనక్కి ఒకసారి చూసి, చెయ్యెత్తింది. 'తను మాట్లాడదు మిస్' అని చెప్పబోతోందని నాకు తెలుసు. నా చేతిలోని గుండుసూది వేలికి గుచ్చుకుంది, లాగాలని కూడా తోచలేదు.

"హియర్."

మూడో వరసలోంచి. ఎంత చిన్నగా అంటే, నేను వినాలని వింటున్నాను గనక విన్నాను. టీచరు తలెత్తి కూడా చూడలేదు. టిక్కు పెట్టుకుని తర్వాతి పేరు పిలిచింది, ఆ తర్వాతిది పిలిచింది. జాబితా అయిపోయాక గాని ముందు వరసలో ఇంకా ఎత్తే ఉన్న చెయ్యి ఆవిడ కంటపడలేదు.

"నీకేం కావాలమ్మా?"

ముందు వరస పిల్ల మళ్ళీ ఒకసారి వెనక్కి చూసి, మెల్లగా చెయ్యి దించేసింది.

"ఏం లేదు మిస్," అంది.